సెకనుకు 3,000 అడుగులు: వేట తూటాకు వేగం ముందొచ్చింది, గుండు తర్వాతొచ్చింది

1915లో అమెరికాకు చెందిన సావేజ్ ఆర్మ్స్ కంపెనీ .250-3000 అనే పేరుతో ఒక కొత్త వేట తూటాను బజారులోకి తెచ్చింది. మొదటి అంకె గుండు వ్యాసం, సుమారుగా అంగుళంలో పావు వంతు. రెండోది గుండు వేగం, సెకనుకు 3,000 అడుగులు. దీన్ని రూపొందించిన చార్లెస్ న్యూటన్ కోరుకున్నది మాత్రం వేరు. 100 గ్రెయిన్ల గుండు సెకనుకు 2,800 అడుగుల వేగంతో వెళ్లాలన్నది ఆయన ఉద్దేశం. 100 గ్రెయిన్లంటే దాదాపు ఆరున్నర గ్రాములు. కంపెనీ దాన్ని 87 గ్రెయిన్లకు, అంటే 5.6 గ్రాములకు తగ్గించింది. గుండు తేలికైతే వేగం 3,000 దాటుతుంది, ప్రకటనలో వేయడానికి బ్రహ్మాండమైన అంకె దొరుకుతుంది.

ఆ తూటా మంచిదే. జింక జాతి జంతువుల మీద బాగా పనిచేసింది, ఇప్పటికీ దానికి అభిమానులున్నారు. కానీ వేగం కోసం బరువును వదులుకోవచ్చన్న ఆలోచన ఆ కాలపు వేటగాళ్లను, తయారీదారులను ఎంత దూరం తీసుకెళ్లిందో, ఎక్కడ దెబ్బ తీసిందో తెలుసుకోకపోతే రైఫిల్ తూటాల చరిత్ర అంకెల జాబితాలాగే మిగిలిపోతుంది. నా అభిప్రాయంలో ఈ చరిత్రకు అసలు తాళంచెవి ఒక్కటే. వేగాన్ని ఇచ్చే తుపాకి మందు 1884లోనే తయారైంది. ఆ వేగాన్ని తట్టుకునే గుండు రావడానికి మరో అరవై ఏళ్లు పట్టింది. ఈ మధ్యకాలంలో జరిగిన వాదనలు, ప్రమాదాలు, అపోహలు చాలావరకు ఈ ఎడం నుంచి పుట్టినవే.

ముందుగా ఒక చిన్న సంగతి. ఈ వ్యాసంలో తూటా అంటే ఇత్తడి తొడుగు, ప్రైమర్ (మందును అంటించే చిన్న నిప్పు గిన్నె), మందు, గుండు అన్నీ కలిసినది. గుండు అంటే బ్యారెల్ లోంచి బయటికి దూసుకెళ్లే భాగం మాత్రమే.

వేటగాడికి వేగం ఎందుకు?

దెబ్బ బలం కోసమే అనుకుంటారు చాలామంది. అది సగమే నిజం. 1873 నాటి అమెరికా సైనిక తూటా .45-70 తీసుకోండి. 26 గ్రాముల సీసపు గుండు, వేగం సెకనుకు సుమారు 1,330 అడుగులు. దాని శక్తి దాదాపు 2,150 జౌళ్లు. ఇందాకటి .250-3000 గుండు బరువు అందులో నాలుగో వంతు కూడా లేదు, శక్తి మాత్రం దాదాపు 2,350 జౌళ్లు. బరువు రెట్టింపైతే శక్తి రెట్టింపవుతుంది, వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది కాబట్టి లెక్క ఇలా తేలుతుంది. శక్తిలో రెండూ సాటి అన్నమాట.

తేడా దూరంలో బయటపడుతుంది. 150 మీటర్ల దూరంలో జింక ఉందనుకుందాం. గాలి నిరోధాన్ని పక్కన పెట్టి లెక్కేసినా, .45-70 గుండు అక్కడికి చేరేలోపు సుమారు 67 సెంటీమీటర్లు కిందికి జారుతుంది. .250 గుండు జారేది 13 సెంటీమీటర్లే. అడవిలో దూరాన్ని ఎవరూ టేపుతో కొలవరు, కంటి అంచనాయే ఆధారం. 150 మీటర్లను 120 అనుకుంటే పాత గుండు గురి పూర్తిగా తప్పడమో, ఇంకా ఘోరంగా కాలు విరగ్గొట్టడమో జరుగుతుంది. గాయపడిన జంతువు పొదల్లోకి పారిపోయి నరకయాతన పడుతుంది. వేగంగా వెళ్లే గుండు ఆ అంచనా పొరపాటును చాలావరకు మింగేస్తుంది. వేటగాళ్లు వేగం వెంట పడటానికి బలమైన కారణం ఇదే, ఇందులో న్యాయం కూడా ఉంది.

పాత మందుతో ఎంత దూరం వెళ్లగలిగారు?

సురేకారం 75 పాళ్లు, బొగ్గు 15 పాళ్లు, గంధకం 10 పాళ్లు. వందల ఏళ్లు రాజ్యమేలిన తుపాకి మందు ఇదే. దీనితో చిక్కేమిటంటే, మండాక అందులో సగానికి పైగా వాయువుగా మారకుండా పొగ రేణువులుగా, మసిగా మిగిలిపోతుంది. గుండును తోసేది వాయువే కాబట్టి సగం మందు వృథా. పైగా వరిగడ్డి భగ్గుమని చప్పున ఆరిపోయినట్టు, ఈ మందు బలమంతా మొదట్లోనే అయిపోతుంది. మందు పెంచుకుంటూ పోతే ఒక హద్దు దాటాక వేగం పెరగదు. పొగ, తన్ను మాత్రమే పెరుగుతాయి.

ఆ హద్దు లోపలే బ్రిటిష్ తయారీదారులు ఓ ఉపాయం పన్నారు. 1856లో లండన్‌కు చెందిన జేమ్స్ పర్డీ తేలికైన గుండు వెనక ఎక్కువ మందు దట్టించి, ఆ రైఫిల్‌కు 'ఎక్స్‌ప్రెస్ ట్రెయిన్' అని పేరు పెట్టాడు. అప్పట్లో రైలుకు మించిన వేగం జనానికి తెలియదు మరి. ఆ 'ఎక్స్‌ప్రెస్' అన్న మాట రైఫిళ్ల పేర్లలో స్థిరపడిపోయింది. ఇలాంటి రైఫిళ్లతో వేగం 1,600 అడుగులు దాటి, కొన్నిటిలో 1,900 దరిదాపులకు వెళ్లింది. అంతకు మించి పాత మందు మోయలేకపోయింది. మందు కలిసొచ్చినా సీసం కలిసి రాదు. మరీ వేగంగా తోస్తే మెత్తటి సీసపు గుండు బ్యారెల్ లోపల మెలి తిరిగిన గాడులను పట్టుకోలేక జారిపోతుంది, గాడుల నిండా సీసం పేరుకుపోతుంది.

ఒకటి పారిస్‌లో, ఒకటి స్విట్జర్లాండ్‌లో

దూదిని నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల్లో నానబెడితే భయంకరంగా మండే పదార్థం తయారవుతుందని రసాయన శాస్త్రవేత్త షోన్‌బైన్ 1846లోనే కనిపెట్టాడు. దాన్ని అలాగే తుపాకిలో వాడబోతే తుపాకి పేలిపోయేది. మరుసటి ఏడాదే ఇంగ్లండ్‌లోని ఫావర్‌షామ్‌లో దాన్ని తయారు చేస్తున్న ఫ్యాక్టరీ పేలి కార్మికులు చనిపోయారు. ఆ తర్వాత దాదాపు నలభై ఏళ్లకు, 1884లో, ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త పాల్ వియెల్ దాన్ని దారికి తెచ్చాడు. ఈథర్, ఆల్కహాల్ కలిపి ఆ దూదిని జిగురుగా మార్చి, పలచటి రేకులుగా సాగదీసి, చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించాడు. ఇక ఆ ముక్క పైపొర నుంచి లోపలికి క్రమంగా కాలుతుంది. ముక్క మందం మారిస్తే మండే తీరు మారుతుంది. తుపాకి మందు మంటను మనిషి తన చెప్పుచేతల్లోకి తెచ్చుకున్నది అప్పుడే. పొగ దాదాపు లేదు, మసి లేదు, వాయువు ఎక్కువ.

సీసం సమస్యకు అంతకు రెండేళ్ల ముందే, 1882లో, స్విస్ సైనికాధికారి ఎడ్వర్డ్ రూబిన్ పరిష్కారం కనిపెట్టేశాడు. సీసపు గుండుకు రాగి కవచం తొడిగాడు. ఈ రెండూ కలిసి 1886 నాటి ఫ్రెంచ్ లెబెల్ రైఫిల్లో రూపం దాల్చాయి. 8 మిల్లీమీటర్ల గుండు సెకనుకు 2,000 అడుగులు దాటింది. యూరప్‌లోని పెద్ద సైన్యాలు కొన్నేళ్లలోనే ఉరుకులు పరుగుల మీద తమ రైఫిళ్లు మార్చుకున్నాయి. నోబెల్ బాలిస్టైట్, బ్రిటిష్ వారి కార్డైట్ అనే పొగరాని మందులు వెంటనే వచ్చేశాయి.

వేటగాళ్లకు ఇది చేరడానికి పెద్దగా సమయం పట్టలేదు. 1895లో వించెస్టర్ .30-30 తూటా తెచ్చింది. 160 గ్రెయిన్ల గుండు, 1,970 అడుగుల వేగం. ఈ రోజు ఆ అంకె చూసి పెదవి విరుస్తారు గానీ, అప్పట్లో అదే హై వెలాసిటీ. బ్రిటన్‌లో జాన్ రిగ్బీ 1898లో .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ తెచ్చాడు. 480 గ్రెయిన్ల బరువైన గుండును 2,150 అడుగుల వేగంతో పంపుతుంది. ఏనుగు వేటకు అంతకు ముందు వాడిన నాలుగు బోరు, ఎనిమిది బోరు అనే లావు గొట్టాల తుపాకులు దీని ముందు పాతసామాన్లు అయిపోయాయి.

తుప్పు ఎక్కడి నుంచి వచ్చింది?

కొత్త మందు వచ్చాక వేటగాళ్లకు అంతుపట్టని ఒక విషయం ఉంది. మసి దాదాపు లేదు, బ్యారెల్ లోపల చూస్తే అద్దంలా ఉంది, నూనె గుడ్డతో తుడిచి పెట్టారు. అయినా కొద్ది రోజుల్లో లోపల తుప్పు. తేమ ఎక్కువగా ఉండే చోట మరీ త్వరగా. అందరూ కొత్త మందునే తిట్టారు. యాసిడ్‌తో చేసిన మందు కాబట్టి ఇనుమును తినేస్తోందని నమ్మారు.

దోషి మందు కాదు, ప్రైమర్. తూటా అడుగున ఉండే ఆ చిన్న రాగి గిన్నెలో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది మండాక పొటాషియం క్లోరైడ్‌గా మారుతుంది. అదొక ఉప్పు, మనం వాడే వంట ఉప్పుకు దగ్గరి చుట్టం. గాలిలోని తేమను పీల్చి ఇనుమును తుప్పు పట్టిస్తుంది. పాత మందు రోజుల్లోనూ ఈ ఉప్పు ఉండేది, కానీ దట్టమైన మసిలో కలిసిపోయేది. ఆ మసిని వదిలించడానికి అందరూ వేడినీళ్లతో బ్యారెల్ కడిగేవాళ్లు, ఉప్పు కూడా కరిగి పోయేది. కొత్త మందుతో మసి పోయింది, దాంతో కడిగే అలవాటూ పోయింది. నూనెలో ఉప్పు కరగదు. ఎంత శ్రద్ధగా నూనె పూస్తే అంత భద్రంగా ఉప్పు ఆ నూనె కిందే ఉండిపోయింది. 1920ల చివర్లో తుప్పు పట్టించని ప్రైమర్లు వచ్చేదాకా ఎన్నో మంచి రైఫిళ్లు ఇలా పాడైపోయాయి. కొత్తదనాన్ని నిందించే ముందు ఏ పాత అలవాటు మానేశామో చూసుకోవాలన్న సంగతి అప్పుడు కొద్దిమందికే తట్టింది.

రాగి-నికెల్ మిశ్రమంతో చేసిన కవచాలది ఇంకో బాధ. వేగం పెరిగేకొద్దీ ఆ లోహం బ్యారెల్ చివర గడ్డలు గడ్డలుగా అంటుకుపోయేది. ఘాటైన అమోనియా ద్రావణం పోసి వదిలించేవాళ్లు. రాగిలో కాస్త జింకు కలిపిన మిశ్రమం వాడాక ఈ బాధ తగ్గింది.

ఇండియా ఎండ, ఇండియా చట్టం

ఈ తూటాల్లో చాలావాటి ఆకారం వెనక మన దేశం ఉంది. కార్డైట్‌కు వేడి అంటే పడదు. చలి దేశంలో సరిపోయే మందే ఎండలో కాగిన తూటాలో మరింత జోరుగా మండి ప్రెజర్ పెంచేస్తుంది. ఇంగ్లండ్‌లో సాఫీగా తెరుచుకున్న రైఫిల్, ఇక్కడ మే నెల మధ్యాహ్నం కాల్చాక ఖాళీ తొడుగును వదలకుండా పట్టుకుందంటే, ఎదురుగా గాయపడిన పులి ఉన్న వేటగాడి పరిస్థితి ఏమిటో ఊహించుకోవచ్చు. అందుకే బ్రిటిష్ కంపెనీలు వేడి ప్రాంతాల కోసం మందు కాస్త తగ్గించిన తూటాలు విడిగా అమ్మేవి. ఏనుగు తూటాలకు అంత పొడవైన, లోపల బోలెడు ఖాళీ ఉన్న తొడుగులు ఉండటానికీ ఇదే కారణం. చోటెక్కువైతే ప్రెజర్ తక్కువ. కార్డైట్ తయారీ కూడా ఇక్కడికే వచ్చింది. 20వ శతాబ్దం మొదట్లో నీలగిరుల్లోని అరువంకాడులో పెట్టిన కార్డైట్ ఫ్యాక్టరీ ఈనాటికీ నడుస్తోంది.

చట్టం సంగతి ఇంకా విచిత్రం. .450 వ్యాసం గుండ్లు సరిహద్దు తెగల చేతుల్లో ఉన్న పాత మార్టిని-హెన్రీ సైనిక రైఫిళ్లకు పనికొస్తాయన్న భయంతో, 1907 ప్రాంతంలో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియా, సూడాన్‌లలోకి ఆ వ్యాసం తూటాలు రాకుండా నిషేధించింది. ఇండియా అంటే వాళ్లకు పెద్ద బజారు. దాన్ని వదులుకోలేక ఒక్కో కంపెనీ ఆ అంకెను తప్పించుకునే కొత్త తూటాను కనిపెట్టింది: .465, .470, .475, .476. పనితనంలో వీటి మధ్య పెద్ద తేడా లేదు. నైట్రో ఎక్స్‌ప్రెస్ తూటాల పట్టిక చూసి ఇన్ని రకాలు ఎందుకని తలపట్టుకునేవారికి ఇదే జవాబు. సైనిక తూటా పౌరుల చేతికి రాకూడదన్న ఆ పద్ధతి ఇప్పటికీ పోలేదు. మన ఆయుధ చట్టం కింద .303 నిషిద్ధ బోరు. అందుకే ప్రభుత్వ ఫ్యాక్టరీలు లైసెన్సుదారుల కోసం చేసేది .315 రైఫిల్. దాని మూలం ఆస్ట్రియా వారి పాత 8 మిల్లీమీటర్ల మాన్‌లిషర్ తూటా.

ఇద్దరు వేటగాళ్లు, రెండు ఏడు మిల్లీమీటర్ల గుండ్లు

వేగానికీ గుండుకూ మధ్య ఉన్న ఎడాన్ని ఆఫ్రికా రక్తంతో రాసి చూపింది.

స్కాట్లాండ్‌కు చెందిన వాల్టర్ బెల్ వెయ్యికి పైగా ఏనుగులను చంపాడు. ఆ లెక్క ఈ రోజు మనసును కలచివేస్తుంది, దాన్ని గొప్పగా చెప్పడం నా ఉద్దేశం కాదు. కానీ బాలిస్టిక్స్ (గుండ్ల గమన శాస్త్రం) దృష్టిలో ఆయన అనుభవం విలువైనది. వాటిలో ఎక్కువభాగం 1892 నాటి 7 మిల్లీమీటర్ల మౌజర్ తూటాతో చంపాడు. గుండు బరువు 173 గ్రెయిన్లు, వేగం 2,300 అడుగులే. కానీ సన్నగా, పొడవుగా ఉండి, మూసిన గట్టి కవచం ఉన్న ఆ గుండు వంకర పోకుండా తిన్నగా పుర్రె లోపలికి దిగేది. వ్యాసానికి తగినంత పొడవు, బరువు ఉన్న గుండు లోతుగా వెళ్తుందన్నది మొదటి పాఠం. ఇది ఆయనకున్న అసాధారణమైన గురి, ఏనుగు శరీర నిర్మాణం మీద ఆయనకున్న పట్టు లేకుండా సాధ్యమయ్యేది కాదు.

ఇక రెండోది. 1907లో సర్ చార్లెస్ రాస్ కెనడాలోని తన కంపెనీ ద్వారా .280 రాస్ తూటా తెచ్చాడు. ఇదీ 7 మిల్లీమీటర్ల వ్యాసమే. 140 గ్రెయిన్ల గుండు 3,000 అడుగులకు చేరువగా వెళ్లేది. ఆ రోజుల్లో అది నమ్మశక్యం కాని వేగం. గురి పోటీల్లో, దూరాన ఉన్న జింకల మీద అద్భుతం చేసింది. దాంతో దేనికైనా సరిపోతుందనుకున్నారు. 1911 మొదట్లో బ్రిటిష్ తూర్పు ఆఫ్రికాలో జార్జ్ గ్రే ఆ రైఫిల్‌తో సింహానికి ఎదురెళ్లాడు. ఆయన బ్రిటన్ విదేశాంగ మంత్రి సర్ ఎడ్వర్డ్ గ్రే సోదరుడు. గుండు దెబ్బలు తిన్న సింహం ఆగకుండా వచ్చి మీద పడింది. నైరోబీలో ఆయన చనిపోయాడు.

ఆ వార్త రాస్ పేరును బాగా దెబ్బతీసింది. చాలామంది 'వేగం దండగ, బరువే నమ్మకం' అని తేల్చేశారు. ఆ తీర్పు తప్పని నేననుకుంటున్నాను. దగ్గరి నుంచి కాల్చినప్పుడు గుండు వేగం గరిష్ఠంగా ఉంటుంది. జింక కోసం చేసిన పలచటి కవచం, మెత్తటి ముక్కు ఉన్న గుండు అంత వేగంతో సింహం కండకో ఎముకకో తగిలితే పైపైనే ఛిద్రమైపోతుంది. గుండె దాకా వెళ్లాల్సిన శక్తి చర్మం కిందే ఖర్చైపోతుంది. ఇక్కడ విఫలమైంది వేగం కాదు, ఆ వేగానికి తగ్గట్టు కట్టని గుండు. ఆశ్చర్యమేమిటంటే అదే కాలంలో బ్రిటిష్ తుపాకుల కంపెనీ హాలండ్ అండ్ హాలండ్ వేగాన్నీ బరువునూ సమన్వయం చేసి చూపింది. 1912 నాటి వారి .375 మాగ్నం (మందు ఎక్కువ పట్టే పెద్ద తూటా) 300 గ్రెయిన్ల బరువైన గుండును సుమారు 2,500 అడుగులతో పంపుతుంది. ఇప్పటికీ ఆఫ్రికాలో పెద్ద జంతువుల వేటకు చాలామంది ఎంచుకునేది దాన్నే.

బఫెలో లాయరు

మొనదేలిన గుండ్లు కూడా ఈలోగా వచ్చేశాయి. జర్మనీ తన 14.7 గ్రాముల మొండి గుండు తీసేసి 10 గ్రాముల సూదిమొన గుండు పెడితే వేగం సెకనుకు 640 మీటర్ల నుంచి 878కి ఎగబాకింది. అమెరికా 1906లో అదే దారి పట్టింది, .30-06 పుట్టింది.

ఆ .30-06 ఇత్తడి తొడుగును చేతిలోకి తీసుకుని, దీంతో ఇంకేం చేయొచ్చని ఆలోచించిన మనిషి చార్లెస్ న్యూటన్. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో లాయరు. పెద్ద తొడుగు మెడను సన్నగా నొక్కి చిన్న గుండు పెడితే, ఎక్కువ మందు తేలికైన గుండును తోస్తుంది. 1912లో సావేజ్ కోసం చేసిన .22 హై-పవర్ 70 గ్రెయిన్ల గుండును 2,800 అడుగులకు పంపింది. దానితో చైనాలో పులులను కొట్టిన మిషనరీ కూడా ఉన్నాడు, అది చూసి అందరూ అదే పని చేయబోయారు. తర్వాత .250, ఆపైన సొంత పేరుతో .256, .30, .35 న్యూటన్.

న్యూటన్‌ను నేను ఎక్కువగా గౌరవించేది ఆ అంకెల కోసం కాదు. గుండు సమస్యను కూడా ఆయన గుర్తించాడు. కవచానికీ లోపలి సీసానికీ మధ్య కాగితం పొర పెట్టి, రాపిడి వేడికి సీసం మెత్తబడకుండా చూడాలని ప్రయత్నించాడు. మొన నలిగిపోకుండా లోపల తీగ పెట్టాడు. అన్నీ ఫలించలేదు గానీ, ప్రశ్న సరైనది. కాలమే కలిసి రాలేదు. 1914లో కంపెనీ పెట్టాడు, రైఫిళ్లు బయటికొచ్చేసరికి 1917. అదే ఏడాది ఏప్రిల్లో అమెరికా యుద్ధంలోకి దిగింది, తూటాలు దొరకలేదు. 1918లో కంపెనీ అప్పుల్లో పడి కోర్టు నియమించిన రిసీవర్ల చేతికి పోయింది. 1932లో ఆయన చనిపోయేనాటికి న్యూటన్ రైఫిళ్లు దాదాపు మరుగున పడ్డాయి.

అప్పటికే వించెస్టర్ 1925లో .270 తెచ్చింది. .30-06 మెడ నొక్కే ఆ ఉపాయమే, 130 గ్రెయిన్ల గుండు, 3,140 అడుగులు. మాంసం ఎక్కువ పాడవుతోందని వేటగాళ్లు ఫిర్యాదు చేశారు. కంపెనీ విని, వేగం బాగా తగ్గించిన 150 గ్రెయిన్ల తూటా తయారు చేసింది. కొన్నవాళ్లు లేరు. ఫిర్యాదు చేసినా వేగం వదులుకోవడానికి ఎవరూ సిద్ధంగా లేరు.

1946లో జాన్ నోస్లర్ అనే అమెరికన్ బ్రిటిష్ కొలంబియా అడవుల్లో .300 మాగ్నంతో ఒక మూస్‌ను (జింక జాతిలో భారీ జంతువు) కాల్చాడు. బురద ఎండి గట్టిపడిన దాని ఒంటి మీద గుండ్లు తగిలి, లోపలికి దిగకుండా చిట్లిపోయాయి. తిరిగి వెళ్లాక ఆయన గుండు మధ్యలో రాగి అడ్డగోడ ఒకటి పెట్టాడు. ముందు సగం విచ్చుకుంటుంది. వెనక సగం ఆ గోడ అండతో చెక్కుచెదరకుండా లోతుగా వెళ్తుంది. 1948లో ఆ పార్టిషన్ గుండు అమ్మకానికి వచ్చింది. జర్మన్లు అలాంటి పని అంతకు ముందే చేశారు గానీ, విస్తృతంగా జనంలోకి వెళ్లింది ఇదే. ఆ తర్వాత 1962లో రెమింగ్టన్ తన 7 మిల్లీమీటర్ల మాగ్నం తెచ్చినప్పుడు వేగంగల గుండును నమ్మవచ్చా అని అడిగినవాళ్లు తక్కువ. 3,000 అడుగులు దాటే ఆ తూటా ప్రపంచమంతా అమ్ముడుపోయింది. గుండు వ్యాసంలో గానీ వేగంలో గానీ అది 1907 నాటి .280 రాస్‌కు పెద్ద దూరంలో లేదు.